అధ్యక్షుడు ఖాళీ చేసిన ఇల్లు

సియోల్ వెళ్లి అధ్యక్ష భవనమైన బ్లూ హౌస్ అంతా కలియదిరగాలనుకునేవాళ్లకు ఇప్పుడు ఆలస్యమైపోయింది. 2022 మే 10న జనం కోసం తెరిచిన ఆ గేట్లను 2025 ఆగస్టు 1న మూసేశారు. ఆ డిసెంబరు చివర్లో దక్షిణ కొరియా అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ మందీ మార్బలంతో మళ్లీ అక్కడికి చేరారు. మధ్యలో గడిచిన మూడేళ్ల పైచిలుకు కాలంలో 80 లక్షల మందికి పైగా ఆ ఆవరణలో తిరిగారు. పాలకుల ఇళ్లు మ్యూజియాలు కావడం ఎక్కడైనా ఉన్నదే. జనం పిల్లాపాపలతో తిరిగి, ఫొటోలు దిగి, పచ్చిక మీద కూచుని వెళ్లిన ఇంట్లోకి మళ్లీ అధికారం వచ్చి కాపురం పెట్టడం మాత్రం మనం తరచూ చూసేది కాదు. 2024 వసంతంలో నేను వెళ్లినప్పుడు ఇలా జరుగుతుందని అక్కడ ఎవరూ అనుకోలేదు.

అప్పట్లో వెళ్లడం చాలా తేలిక. మెట్రో మూడో లైన్లో గ్యోంగ్‌బోక్‌గుంగ్ స్టేషన్‌లో దిగి, పాత రాజప్రాసాదం ప్రహరీ వెంట ఉత్తరంగా నడిస్తే చాలు. అద్దెకు తెచ్చుకున్న సంప్రదాయ హన్‌బోక్ పావడాలు ఎత్తిపట్టుకుని ఫొటోలు దిగే అమ్మాయిలు దారి పొడవునా తగులుతారు. నడవలేకపోతే, దానంతటదే నడిచే బస్సు ఒకటి ఆ చుట్టుపక్కల తిరుగుతుండేది. టికెట్ లేదు. మంగళవారం సెలవు. కొరియావాళ్లు ముందుగా ఆన్‌లైన్లో పేరు రాయించుకోవాలి. విదేశీయులకు గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపిస్తే సరిపోయేది. ఒక దేశాధ్యక్షుడి గుమ్మం ముందు ఇంత తక్కువ తనిఖీతో నిలబడటం మొదట్లో కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ఎవరో వెనకనుంచి పిలిచి ‘ఎటు పోతున్నావ్’ అంటారేమోనని.

నాతో వచ్చిన కుర్రాడిది పెనుకొండ దగ్గరి పల్లె. ఊరి పక్కన కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియన్ నేర్చుకున్నాడు. ఆ భాష పట్టుకునే పైచదువుకు సియోల్ చేరాడు. అంతకుముందే రెండుసార్లు చుట్టాలను తీసుకొచ్చి చూపించాడట. గేటు దాటీ దాటకముందే తన తీర్పు చెప్పేశాడు: “సూసేదానికి ఇంత పెద్దగా ఉండాది గానీ, లోపల మనుషులుండే తావు తక్కువన్నా.”

గేటు దాటగానే విశాలమైన పచ్చిక, దాని చివర ప్రధాన భవనం, వెనకాల 342 మీటర్ల బుగాక్ కొండ. క్యాలెండర్లలో, వార్తల్లో మనం చూసే బొమ్మ ఇదే. భవనం పాతకాలపు కొరియా రాజభవనంలా కనిపిస్తుంది గానీ వయసులో చాలా చిన్నది. రో టే వూ అధ్యక్షుడిగా ఉండగా 1991లో పూర్తయింది. కప్పు మీద లక్షన్నర దాకా నీలి పెంకులున్నాయి. మట్టిపాత్రలు కాల్చినట్టు ఒక్కొక్క పెంకునూ విడిగా కాల్చి చేయించారు. వందేళ్లకు పైగా నిలుస్తాయని వాళ్ల లెక్క. ఎండ పడ్డప్పుడు అన్నీ ఒకే నీలంలో ఉండవు. కొన్ని ఆకుపచ్చ వైపు, కొన్ని బూడిదరంగు వైపు మొగ్గుతాయి. దగ్గరికి వెళ్లి మెడెత్తి చూస్తేనే అది తెలుస్తుంది. ఫొటోలన్నీ దూరం నుంచి తీసినవే కాబట్టి మనకు ఒకే రంగు గుర్తుండిపోయింది.

ఆ పచ్చిక ముందు ఫొటోకు పెద్ద వరస. వరసలో నిలబడ్డవాళ్లు ఒకరి ఫోను ఒకరికిచ్చి తీయించుకుంటున్నారు. ఎక్కువమంది పెద్దవాళ్లు, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న ఒక ఆడవాళ్ల బృందం తిరుపతి యాత్రకు వచ్చినంత హడావుడిగా ఉంది.

లోపల అడుగుపెట్టగానే ఎర్ర తివాచీ పరిచిన మెట్లు, ఎదురుగా గోడ నిండా కొరియా ద్వీపకల్పం చిత్రం. ఉత్తరమూ దక్షిణమూ కలిపే గీశారు, మధ్యలో గీత లేదు. కింది అంతస్తులో మంత్రివర్గం సమావేశమయ్యే సెజోంగ్ హాలు, దాని ముందు గదిలో మాజీ అధ్యక్షుల నిలువెత్తు చిత్రాలు. ఆ గదిలో ఎక్కువసేపు నిలబడ్డాను. చూసేవాళ్లు బొమ్మల కంటే ఆసక్తిగా ఉన్నారు. పార్క్ చుంగ్ హీ చిత్రం ముందు ఒక ముసలాయన టోపీ తీసి నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఆయన భార్య ఆగనైనా ఆగకుండా కిమ్ డే జుంగ్ బొమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్యా ఈ విషయంలో ఎన్నేళ్ల నుంచి మాటల్లేవో!

ఆ గోడ మీద ఉన్నవాళ్ల జాతకాలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. తొలి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ 1960లో విద్యార్థుల తిరుగుబాటుతో గద్దె దిగి హవాయికి వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. పార్క్ చుంగ్ హీ భార్య యుక్ యంగ్ సూ 1974 ఆగస్టు 15న తూటాకు బలైంది. ఐదేళ్ల తర్వాత, 1979 అక్టోబరు 26న, ఈ ప్రహరీకి కూతవేటు దూరంలోని విందు గృహంలో ఆయన్ను సొంత గూఢచారి విభాగం అధిపతే కాల్చి చంపాడు. చున్ డూ హ్వాన్, రో టే వూ ఇద్దరికీ శిక్షలు పడ్డాయి. రో మూ హ్యున్ పదవి దిగాక 2009లో కొండ మీంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. లీ మ్యుంగ్ బాక్, పార్క్ గున్ హే జైలుకెళ్లారు. ఇన్ని చూశాక జనం నోట వచ్చే మాట మనకు కొత్తది కాదు.

“వాస్తు దోషమంటారన్నా ఈళ్లు గూడా” అన్నాడు మావాడు. “కొండ మరీ నెత్తిమీద కూచుండాదంట.”

కొరియాలో మన వాస్తులాంటి శాస్త్రానికి పుంగ్సూ అని పేరు. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చెప్పిన చోయ్ చాంగ్ జో అనే పండితుడు ఇది బతికున్న మనుషులు కాపురముండాల్సిన చోటు కాదని వాదించాడు. 2019 జనవరిలో, అధ్యక్ష కార్యాలయాన్ని నగరం నడిబొడ్డున ఉన్న గ్వాంగ్‌హ్వామున్‌కు మార్చే ఆలోచనను విరమిస్తున్నట్టు ప్రకటించిన అధ్యక్షుడి సలహాదారు కూడా అదే సందర్భంలో పుంగ్సూ ప్రకారం మాత్రం ఈ చోటు మంచిది కాదన్నాడు. తమాషా ఏమిటంటే, 1990లో కొత్త నివాసం కడుతున్నప్పుడు వెనక కొండ రాయి మీద పాత శాసనం ఒకటి బయటపడింది. లోకంలోకెల్లా శుభప్రదమైన స్థలం ఇదేనని దాని సారాంశం. రాయి ఒక మాట చెబుతుంటే పండితులు ఇంకో మాట చెబుతున్నారు. సచివాలయం కూల్చి కొత్తది కట్టినప్పుడు హైదరాబాద్‌లో ఎన్ని వాస్తు కబుర్లు విన్నామో గుర్తున్నవాళ్లకు ఈ గొడవ తేలిగ్గానే అర్థమవుతుంది.

నిజానికి ఈ కొండ పాదం చాలాకాలంగా రాజుల కంట్లో పడ్డ చోటే. గోర్యో రాజులు 12వ శతాబ్దం మొదట్లో దక్షిణ రాజధాని కోసం ఈ చుట్టుపక్కలనే ఎంచుకున్నారు. జోసన్ రాజుల కాలంలో ఇది గ్యోంగ్‌బోక్‌గుంగ్ కోట పెరడు. జపానువాళ్లు కొరియాను ఆక్రమించాక వాళ్ల గవర్నర్ జనరల్ 1939లో ఇక్కడ నివాసం కట్టుకున్నాడు. జపాను ఓడిపోయాక అమెరికా సైన్యాధికారి జాన్ హాడ్జ్ అందులో దిగాడు. 1948లో దేశం ఏర్పడినప్పుడు సింగ్‌మన్ రీ చేరాడు. అంటే స్వతంత్ర కొరియా తొలి అధ్యక్షులందరూ పరాయి పాలకుడు కట్టుకున్న ఇంట్లోనే ఉన్నారు. ఆ పాత ఇంటిని కిమ్ యంగ్ సామ్ 1993లో కూలగొట్టించాడు.   ఇప్పుడు ఆ పాత ఇల్లున్న చోట ఖాళీ స్థలం, దాని పక్కన 700 ఏళ్లు పైబడ్డ యూ చెట్టు ఒకటి మిగిలాయి.

పెరట్లోకి నడిస్తే కొండ వాలులో చిన్న మండపం కింద రాతి బుద్ధుడున్నాడు. 9వ శతాబ్దం నాటి విగ్రహం, మీటరుకు కాస్త ఎక్కువ ఎత్తు. ఊరు గ్యోంగ్‌జు. 1912లో జపాను గవర్నర్ జనరల్ తెరౌచి గ్యోంగ్‌జులో ఒక జపానువాడి పెరట్లో దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. మరుసటేడు విగ్రహం సియోల్లోని ఆయన బంగళాకు చేరింది. తర్వాత గవర్నర్ నివాసంతో పాటే ఇక్కడికి వచ్చింది. నాకు ఈ ఆవరణ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ముఖం నున్నగా, పెదవుల చివర ఏ మాత్రం వంపు లేకుండా, వచ్చేపోయేవాళ్లతో పని లేనట్టుంటాడు. కానీ ఆయన చుట్టూ కూడా రాజకీయం నడిచింది. 1994 అక్టోబరులో సియోల్లోని సోంగ్సు వంతెన కూలి 32 మంది చనిపోయారు. అప్పటి అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్ ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. ఆయన బుద్ధుణ్ని తీయించేశాడు, అందుకే ఇన్ని ప్రమాదాలని పుకారు లేచింది. చివరికి విలేకరులను పిలిచి, విగ్రహం ఉన్నచోటే ఉందని చూపించాల్సి వచ్చింది. అప్పటిదాకా మామూలు జనానికి ఆ విగ్రహం కంటపడే దారే లేదు. కనిపించని చోట పుకారు పుట్టడంలో వింతేముంది.

వాస్తు సంగతి పక్కన పెట్టి నా కంటికి కనిపించిన దోషం చెప్తాను. దూరం. ఆవరణ 62 ఎకరాలు. మన బొల్లారం రాష్ట్రపతి నిలయం 90 ఎకరాలు కాబట్టి అదేం పెద్దది కాదనిపించవచ్చు. కానీ బొల్లారంలో రాష్ట్రపతి ఏడాదిలో కొన్నాళ్లే విడిది చేస్తారు. ఇక్కడ రోజూ దేశం నడవాలి. ప్రధాన భవనం మేడ మీద అధ్యక్షుడి గదిని తాడు కట్టిన గుమ్మం దగ్గర నుంచి చూడనిచ్చేవారు. తలుపు నుంచి ఆయన బల్ల దాకా 15 మీటర్లుంటుందని కొరియా పత్రికలు రాస్తుండేవి. పని చెప్పించుకుని వెనక్కి నడిచే మంత్రులకు కాళ్లు తడబడేవని చెప్పుకుంటారు. గదిని చూశాక ఆ మాట నమ్మబుద్ధేసింది. ఇక కార్యదర్శులు, సలహాదారులు కూచునే యోమిన్ భవనాలు ఇక్కణ్నుంచి 500 మీటర్ల దూరంలో ఉన్నాయి. అధ్యక్షుడి దగ్గరికి ఓ కాగితం తేవాలంటే కారెక్కాలి, లేదా పది నిమిషాలు నడవాలి. నివాసం ఇంకో పక్క, చెట్ల చాటున.

నివాసం లోపలికి సందర్శకులను పంపేవారు కాదు. ముంగిట్లో నడుస్తూ కిటికీల గుండా చూడాల్సిందే. చక్కని హనోక్, అంటే కొరియా సంప్రదాయ ఇల్లు, కలప దూలాలు, కాగితం అతికించిన తలుపులు. కిటికీల దగ్గర నవ్వులు, గుసగుసలు. ఇది పడగ్గది, అది వంటిల్లు అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మావాడు మాత్రం అక్కడ ఫోను బయటికి తీయలేదు. “సెవోల్ పొద్దు ఈడనే గదన్నా ఆయమ్మ ఉండింది” అన్నాడు.

2014 ఏప్రిల్ 16 ఉదయం సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది పోయారు. అందులో 250 మంది ఒకే హైస్కూలు పిల్లలు. ఆ ఉదయం అధ్యక్షురాలు పార్క్ గున్ హే ఆఫీసులో లేరు. ప్రాసిక్యూటర్లు 2018 మార్చిలో బయటపెట్టిన వివరాల ప్రకారం ఆమె పడగ్గదిలో ఉన్నారు, ఫోను తీయలేదు. మొదటి నివేదిక కాగితం పట్టుకుని సిబ్బందిలో ఒకతను నివాసానికి పరుగెత్తాడు. వంటపని చూసే పెద్దావిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పడగ్గది ముందున్న బల్ల మీద పెట్టింది. అప్పటికి దాదాపు పదీ ఇరవై. పిల్లలను బయటికి తీయగలిగే సమయం అప్పటికే దాటిపోతోంది. ఆ పరుగు ఎంత దూరమో నివాసం నుంచి కిందికి దిగుతుంటే మన కాళ్లకే తెలుస్తుంది. తప్పు దారిది కాదు, నిజమే. కానీ మనిషి తప్పు చేయడానికి వీలుగా కట్టిన ఇల్లది.

ఇంత దూరం, ఇన్ని కంచెలు ఎందుకొచ్చాయో చెప్పాలంటే 1968కి వెళ్లాలి. ఆ జనవరిలో ఉత్తర కొరియా 31 మంది కమాండోలను సరిహద్దు దాటించింది. పార్క్ చుంగ్ హీని చంపడం వాళ్ల పని. దారిలో కట్టెలు కొట్టుకునే అన్నదమ్ములు నలుగురు ఎదురుపడితే, చంపకుండా బెదిరించి వదిలేశారు. వాళ్లు నేరుగా పోలీసుల దగ్గరికెళ్లారు. అయినా జనవరి 21 రాత్రి ఆ ముఠా కొండ దారిన బ్లూ హౌస్‌కు కిలోమీటరు లోపలికి వచ్చేసింది. అడ్డుకున్న స్థానిక పోలీసు అధికారి చోయ్ గ్యు షిక్ తూటాలకు నేలకొరిగాడు. ముఠాలో పట్టుబడ్డ కిమ్ షిన్ జో తర్వాత దక్షిణ కొరియాలోనే ఉండిపోయి పాస్టర్ అయ్యాడు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. కొరియావాళ్లు ప్రతి పనికీ చెప్పే పౌర నమోదు నంబరు కూడా ఆ ఏడాదే మొదలైంది, ఆ దాడి పుణ్యమే. బుగాక్ కొండ దారులు మూతపడి దశాబ్దాలు అలాగే ఉన్నాయి. భవనం ముందు రోడ్డు 1993లో పగటిపూట తెరుచుకుంది, 2017లో మూన్ జే ఇన్ అధ్యక్షుడయ్యాక రాత్రింబవళ్లూ తెరిచి ఉంచారు. కొండ మీద తూటా గుర్తులున్న పైన్ చెట్టు దగ్గర ఇప్పుడు ట్రెకింగ్ బూట్ల ముసలాళ్లు చెమట తుడుచుకుంటూ ఆగుతుంటారు.

అధ్యక్షుడు జనానికి దూరమైపోయాడన్న మాట ఈ దేశంలో ప్రతి ఎన్నికలోనూ వినిపించింది. మూన్ కూడా ఊళ్లోకి మారతానని మాటిచ్చి మారలేకపోయారు. దాన్ని నిజంగా చేసింది యూన్ సుక్ యోల్. ప్రమాణస్వీకారం రోజునే బ్లూ హౌస్ గేట్లు తెరిపించారు. ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకోకుండా సియోల్లోనే యోంగ్సాన్‌లో రక్షణశాఖ భవనంలో కార్యాలయం పెట్టుకున్నారు. రోజూ పొద్దున ఆఫీసులోకి నడుస్తూ గుమ్మంలో నిలబడ్డ విలేకరులకు జవాబులిచ్చేవారు. కొరియాలో అంతకుముందు ఏ అధ్యక్షుడూ చేయని పని అది. ఆరు నెలలు సాగింది. 2022 నవంబరులో ఒక టీవీ చానెల్‌తో గొడవ ముదిరి ఆ అలవాటు ఆగిపోయింది. విలేకరుల గదికీ అధ్యక్షుడు వచ్చే దారికీ మధ్య అడ్డుగోడ లేచింది. 2024 డిసెంబరు 3 రాత్రి అదే యోంగ్సాన్ భవనం నుంచి ఆయన టీవీలో మార్షల్ లా ప్రకటించారు. కొన్ని గంటల్లోనే పార్లమెంటు 190 ఓట్లతో దాన్ని కొట్టేసింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా పదవి నుంచి తొలగించింది. ఇల్లు మార్చినా జాతకం మారలేదు కాబట్టి పుంగ్సూ పండితులకు జవాబు చెప్పడం కష్టమై ఉండాలి. వాళ్లు మాత్రం యోంగ్సాన్ స్థలానికీ ఏదో ఒక దోషం వెతికే ఉంటారు.

ఇక జనానికి ఆ ఇల్లు ఏమైంది? తెరిచిన కొత్తలో కిక్కిరిసిపోయింది. 2022 ఆగస్టులో ఒక ఫ్యాషన్ పత్రిక లోపల ఫొటో షూట్ చేస్తే, ఇంత చులకనా అని పెద్ద దుమారం లేచింది. తర్వాతి ఏళ్లలో రద్దీ తగ్గుతూ వచ్చింది. నేను వెళ్లిన రోజు విదేశీ అతిథుల విందులు జరిగే యోంగ్‌బిన్ భవనంలో నలుగురైదుగురే ఉన్నారు. 1978లో కట్టిన ఆ భవనానికి ముందున్న నాలుగు స్తంభాలూ ఒక్కొక్కటీ ఒకే గ్రానైట్ రాయితో చెక్కినవి. అంత ఖర్చు పెట్టి, ఇంత నీరసమైన హాలు ఎలా కట్టారో తెలీదు. దాని కంటే నోక్జివాన్ తోట వెయ్యి రెట్లు నయం. మధ్యలో 170 ఏళ్ల పైన్ చెట్టు గొడుగులా విచ్చుకుని ఉంటుంది. నీడలో చాపలు పరుచుకున్న కుటుంబాలు, కింబాప్ డబ్బాలు, చెప్పులు విప్పి గడ్డి మీద పొర్లుతున్న పిల్లలు. ‘గడ్డి తొక్కవద్దు’ అని అరిచే కాపలావాడు లేడు. బ్లూ హౌస్‌ను జనం నిజంగా వాడుకున్నారని నాకనిపించిన చోటు అదొక్కటే. మిగతాదంతా వచ్చి, చూసి, వెళ్లిపోవడమే.

2025 జూన్‌లో లీ జే మ్యుంగ్ గెలిచి పాత చోటికే వెళ్తానని చెప్పగానే మళ్లీ వరసలు పెరిగాయి. మూసేస్తారంటే చూడాలన్న ఆత్రం ఎక్కడైనా ఒకటే. జూలై చివరి రోజుల్లో సందర్శకుల సంఖ్య తగ్గించి, ఆగస్టు 1 నుంచి పూర్తిగా ఆపేశారు. యూన్ ఖాళీ చేసింది వాస్తుకు భయపడా, జనం మీద ప్రేమా అన్న చర్చ అక్కడింకా సాగుతూనే ఉంది. తిరిగొచ్చిన అధ్యక్షుడు మాత్రం ఆ పెద్ద గదిని రోజువారీ పనికి వాడట్లేదు. కార్యదర్శులు ఉండే యోమిన్ భవనంలోనే తన బల్ల వేయించుకున్నారు. 500 మీటర్ల సమస్యకు ఇంతకంటే తేలికైన పరిష్కారం లేదు. మూన్ కూడా అదే చేశారు. ప్రధాన భవనం విదేశీ అతిథులు వచ్చినప్పటి లాంఛనాలకు మిగిలింది.

సియోల్ వెళ్లేవాళ్లకు ఇప్పటికీ కొంత దొరుకుతుంది. పార్క్ చుంగ్ హీ హత్య జరిగిన విందు గృహాన్ని కూల్చి, 1993లో ఆ చోట కట్టిన ముగుంగ్హ్వా పార్కులోకి ఎవరైనా వెళ్లొచ్చు. రాజప్రాసాదం ఉత్తర ద్వారం సిన్‌ముమున్ నుంచి నీలి కప్పు ఎదురుగానే కనిపిస్తుంది. అధ్యక్ష కార్యాలయాన్ని ఎప్పటికైనా సెజోంగ్ నగరానికి తరలించాలన్న ఆలోచన కూడా ప్రభుత్వానికి ఉంది. సెజోంగ్ సియోల్‌కు దక్షిణంగా వంద కిలోమీటర్లకు పైగా దూరం. అదే జరిగితే ఈ గేట్లు మరోసారి తెరుచుకుంటాయి. అప్పుడు వెళ్లేవాళ్లు విందు భవనం దాటేసి, బుద్ధుడి దగ్గరా తోటలోనూ ఎక్కువసేపు గడపండి. మంగళవారం మాత్రం వెళ్లకండి, అప్పటికీ అదే సెలవు అయ్యుండొచ్చు.